శుక్రవారం రాత్రి ఆట, మైకులో ప్రార్థన: పేరు చెప్పకుండా ఊరితో తలపడిన రెండు కుటుంబాల కేసు ఏంటి?

టెక్సస్‌లో చిన్న ఊళ్లకు శుక్రవారం రాత్రి అంటే తిరునాళ్లే. హైస్కూల్ స్టేడియంలో లైట్లు వెలుగుతాయి, బ్యాండు మోగుతుంది, ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. ఆడేది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. పిల్లాడు టీమ్‌లో ఉన్నా, కూతురు బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నా ఆ రాత్రి ఇంట్లో ఉండే ప్రశ్నే లేదు.

హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ తీరం వైపు వెళ్తుంటే శాంటా ఫే అనే చిన్న ఊరు వస్తుంది. న్యూ మెక్సికో రాజధాని శాంటా ఫే వేరు, ఇది వేరు. 2018లో హైస్కూల్‌లో కాల్పులు జరిగి పదిమంది చనిపోయినప్పుడు మీరు ఈ పేరు విని ఉంటారు. అంతకు చాలా ఏళ్ల ముందే అమెరికా సుప్రీంకోర్టు రికార్డుల్లో ఈ ఊరి పేరు నిలిచిపోయింది. కారణం, ఆట మొదలయ్యే ముందు మైకులో చేసే ప్రార్థన.

ప్రభుత్వ బడిలో ప్రార్థన ఎవరు చేయవచ్చు, ఎవరు చేయించకూడదు? వద్దనుకున్న తల్లిదండ్రులకు ఉన్న దారులేంటి? టెక్సస్‌లో ఉంటున్న వేలాది తెలుగు కుటుంబాలకు ఇది ఇంటి సమస్యే. గత ఏడాది నుంచి మరీ ఎక్కువగా.

కేసు వేసింది ఎవరు?

శాంటా ఫే స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ. పన్నుల డబ్బుతో నడుస్తుంది. కేసు నాటికి అందులో 4,000 మందికి పైగా విద్యార్థులు ఉన్నారు. 1995కు ముందు అక్కడి హైస్కూల్‌లో విద్యార్థి సంఘానికి 'చాప్లిన్' అనే పదవి ఉండేది. ఆ పదవికి ఎన్నికైన విద్యార్థి సొంత మైదానంలో జరిగే ప్రతి మ్యాచ్‌కు ముందు మైకులో ప్రార్థన చదివేవారు.

1995 ఏప్రిల్‌లో రెండు కుటుంబాలు ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. అభ్యంతరం చెప్పింది నాస్తికులో, వేరే దేశం నుంచి వచ్చినవాళ్లో అనుకుంటే పొరపాటే. ఒకటి క్యాథలిక్ కుటుంబం, రెండోది మోర్మన్ కుటుంబం. ఇద్దరికీ ఏసుక్రీస్తే దేవుడు, ఇద్దరూ ప్రార్థన చేసుకునేవాళ్లే. కానీ ఊళ్లో ఎక్కువ మంది బాప్టిస్టులు.

వాళ్ల ఫిర్యాదు ఫుట్‌బాల్ ఒక్కదాని మీదే కాదు. కోర్టు రికార్డుల్లో ఉన్న ఒక ఘటన చూడండి. 1993 ఏప్రిల్‌లో ఏడో తరగతి టెక్సస్ చరిత్ర క్లాసులో టీచర్ ఒక బాప్టిస్ట్ సభకు సంబంధించిన కరపత్రాలు పంచారు. బాప్టిస్టులు కానివాళ్లు కూడా రావచ్చా అని ఒక అమ్మాయి అడిగింది. నీదే మతం అని టీచర్ అడిగారు. మోర్మన్ అని చెప్పగానే, అది అసలు క్రైస్తవమే కాదంటూ పిల్లలందరి ముందూ ఆ మతాన్ని తిట్టిపోశారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. అడిగింది ఒక్క ప్రశ్న.

పేరు ఎందుకు దాచారు?

అమెరికాలో కేసు వేసేవాళ్లు ఫిర్యాదు మీద తమ పేరు రాయాలి. న్యాయస్థానం అందరిదీ కాబట్టి అక్కడ ఎవరు ఎవరి మీద పోరాడుతున్నారో జనానికి తెలియాలన్నది నియమం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. 1981లో మిసిసిపీ రాష్ట్రంలో బడి ప్రార్థనపై కేసు వేసిన ఓ తల్లికి, ఆమె పిల్లలకు బెదిరింపులు వచ్చినప్పుడు అప్పీల్ కోర్టు వాళ్ల పేర్లు బయటపెట్టనక్కర్లేదని చెప్పింది. కేసు ప్రభుత్వ సంస్థ మీద అయి ఉండటం, వ్యక్తిగత నమ్మకాన్ని బయటపెట్టాల్సి రావడం, చిన్నపిల్లలు ఇమిడి ఉండటం, దాడి జరిగే భయం నిజంగా ఉండటం. ఇవన్నీ కలిసినప్పుడు 'డో' అనే మారుపేరు వాడుకోవచ్చు. మన దగ్గర 'ఫలానా' అన్నట్టు అక్కడ 'జేన్ డో'.

శాంటా ఫే కుటుంబాలకూ కోర్టు ఈ వెసులుబాటు ఇచ్చింది. అది ఎంత అవసరమో ఊరే నిరూపించింది. కేసు వేసిందెవరో కనిపెట్టే ప్రయత్నాలు మొదలయ్యాయి. అవి ఎంత దూరం వెళ్లాయంటే, జిల్లా జడ్జి శామ్యూల్ కెంట్ ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. దొంగ వినతిపత్రాలు, ప్రశ్నావళులు, ఒక్కొక్కరినీ పిలిచి విచారించడం, చాటుగా కూపీ లాగడం వెంటనే ఆపాలని, లేదంటే కోర్టు ధిక్కారం కింద గట్టి శిక్ష ఉంటుందని అందులో హెచ్చరించారు. ఆ జాబితాలోని ఒక్కో మాటా చదివితే ఊళ్లో ఏం జరుగుతూ ఉండేదో అర్థమవుతుంది. సంతకాల కాగితం చేతికిస్తారు. ఎవరు సంతకం పెట్టరో చూస్తారు.

సుప్రీంకోర్టులో ఈ కుటుంబాల తరఫున వాదించిన లాయర్ ఆంథొనీ గ్రిఫిన్ కథ కూడా చెప్పుకోదగ్గదే. ఆయన గాల్వెస్టన్‌కు చెందిన నల్లజాతి న్యాయవాది. అంతకుముందు కూ క్లక్స్ క్లాన్ సభ్యుల జాబితా ప్రభుత్వానికి ఇవ్వనక్కర్లేదని, ఆ సంస్థ తరఫునే వాదించారు. 1958లో అలబామాలో నల్లజాతి పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తన సభ్యుల పేర్లు కాపాడుకున్న తీర్పునే అందుకు ఆధారం చేసుకున్నారు. ఆ కేసు తీసుకున్నందుకు అదే ఎన్‌ఏఏసీపీ టెక్సస్ శాఖ న్యాయ సలహాదారు పదవి పోగొట్టుకున్నారు. పేరు దాచుకునే హక్కు నచ్చనివాళ్లకూ వర్తిస్తుందన్నది ఆయన పట్టు.

'ఓటు వేసి తేల్చుకుందాం' అంటే తప్పేంటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కేసు నడుస్తుండగానే స్కూల్ డిస్ట్రిక్ట్ నిబంధన మార్చింది. విద్యార్థులు రెండుసార్లు రహస్య ఓటింగ్ పెట్టుకుంటారు. ఆటకు ముందు ప్రార్థన ఉండాలా వద్దా అన్నది మొదటిసారి, ఎవరు చదవాలన్నది రెండోసారి. ఇంక ఇందులో ప్రభుత్వ పాత్ర ఏముంది, పిల్లలు కోరుకున్నారు, పిల్లలే చదువుతున్నారు అన్నది డిస్ట్రిక్ట్ వాదన. టెక్సస్ రాష్ట్ర ప్రభుత్వం కూడా వాళ్ల పక్షానే నిలిచింది.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఓటు కంటే ప్రజాస్వామ్యం ఇంకేముంది?

2000 జూన్ 19న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఈ వాదనను తోసిపుచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్. బడి మైదానం, బడి మైకు, బడి జెండా, బడి జరిపే కార్యక్రమం. వాటి మధ్య నిలబడి మాట్లాడేవాళ్లు విద్యార్థే అయినా, వినేవాళ్లకు అది బడి మాటగానే వినపడుతుంది. ఇక ఓటింగ్ విషయానికి వస్తే, దాని వల్ల సమస్య తగ్గలేదు, పెరిగింది. వందలో తొంభై మంది ఒక మతం వాళ్లయితే ఆ ఎన్నికలో మిగిలిన పదిమంది ఈ ఏడు ఓడిపోతారు, వచ్చే ఏడూ ఓడిపోతారు, ఎప్పటికీ ఓడిపోతారు. కొన్ని హక్కులను రాజ్యాంగంలో రాసిపెట్టుకున్నది వాటిని ఓటుకు అందకుండా ఉంచడానికే.

ఇష్టం లేకపోతే ఆటకు రావద్దు అన్న వాదననూ కోర్టు ఒప్పుకోలేదు. ఆటగాళ్లు, చీర్‌లీడర్లు, బ్యాండు సభ్యులు రాక తప్పదు. వాళ్లలో కొందరికి దానికి మార్కులు కూడా ఉంటాయి. మిగతా పిల్లలకు మాత్రం? స్నేహితులంతా స్టేడియంలో ఉంటే నువ్వు ఇంట్లో కూర్చో, లేదా తలవంచుకుని నిలబడు అని పదహారేళ్ల పిల్లలకు చెప్పడం స్వేచ్ఛ ఎలా అవుతుంది?

ప్రధాన న్యాయమూర్తి రెంక్విస్ట్, మరో ఇద్దరు జడ్జీలు దీనితో విభేదించారు. ప్రజాజీవితంలో మతం పట్ల ఈ తీర్పులో ద్వేషం కనిపిస్తోందని రెంక్విస్ట్ రాశారు. ఇప్పటికీ అమెరికాలో చాలామంది అభిప్రాయం అదే. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. దేవుడి పేరెత్తడమే నేరమన్నట్టు ప్రవర్తించిన స్కూళ్లు కూడా ఉన్నాయి, అదీ చట్టవిరుద్ధమే.

తీర్పు వచ్చిన తర్వాత ఆ సెప్టెంబరులో జరిగిన మొదటి మ్యాచ్‌కు విలేకరులు క్యూ కట్టారు. గ్యాలరీలో కొందరు లేచి నిలబడి, మైకు లేకుండా, క్రైస్తవులు పరలోక ప్రార్థన అని పిలిచే ప్రార్థనను చెప్పుకున్నారు. ఎవరూ ఆపలేదు. ఆపకూడదు కూడా. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు తమంతట తాము ప్రార్థిస్తే అది వాళ్ల హక్కు. అదే మాటలను బడి తన మైకులో పలికించడం మాత్రం కుదరదు. ఈ తేడా పట్టుకుంటే మిగతా చట్టమంతా సగం అర్థమైనట్టే.

'గోడ' అడిగింది ఎవరో తెలుసా?

అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ 1791లో వచ్చింది. ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదు, ఎవరి మతాచరణనూ అడ్డుకోకూడదు అన్నవి అందులోని రెండు ముక్కలు. 'చర్చికి, ప్రభుత్వానికి మధ్య గోడ' అన్న మాట మాత్రం రాజ్యాంగంలో లేదు. 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాశారు. ఎవరికి? కనెటికట్ రాష్ట్రం డాన్‌బరీలోని బాప్టిస్టులకు. అక్కడ అప్పుడు అధికార మతం వేరేది, బాప్టిస్టులు మైనారిటీ. తమ మతస్వేచ్ఛ ఎవరో దయతో ఇచ్చినట్టుగా ఉందని వాళ్లు మొరపెట్టుకుంటే ఆయన ఇచ్చిన సమాధానం అది. రెండు వందల ఏళ్ల తర్వాత టెక్సస్‌లో బాప్టిస్టులు మెజారిటీ అయ్యారు, గోడ అవసరం పక్కింటివాళ్లకు వచ్చింది.

ఇలా ఊరితో తలపడినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇలినాయ్‌లోని షాంపేన్‌లో వష్టి మెకాలమ్ అనే తల్లి, బడి సమయంలో బడిలోనే మతపాఠాలు చెప్పడంపై కోర్టుకు వెళ్లి 1948లో గెలిచారు. అంతలోపు యూనివర్సిటీలో ఉన్న ఉద్యోగం పోయింది, ఇంట్లో పెంచుకునే పిల్లిని ఎవరో చంపేశారు. ఒక్లహోమాలోని లిటిల్ యాక్స్‌లో 1981లో బడి ప్రార్థనలపై కేసు వేసిన మహిళ ఇల్లు తగలబడిపోయింది. రోడ్ ఐలాండ్‌లోని క్రాన్‌స్టన్‌లో హైస్కూల్ గోడ మీద ఉన్న ప్రార్థన బ్యానర్‌ను సవాలు చేసిన విద్యార్థిని జెస్సికా ఆల్‌క్విస్ట్ 2012లో గెలిస్తే, ఆ ప్రాంత శాసనసభ్యుడు రేడియోలో ఆమెను దుష్టురాలన్నాడు. అభినందిస్తూ ఎవరో పంపిన పూలను తీసుకెళ్లి ఇవ్వడానికి ఊళ్లో పూల దుకాణాలు ఒప్పుకోలేదు. క్రాన్‌స్టన్ నగరం చివరికి ఆమె లాయర్ల ఖర్చు కింద 1,50,000 డాలర్లు కట్టింది. పౌరహక్కుల కేసులో ప్రభుత్వ సంస్థ ఓడితే గెలిచినవాళ్ల లాయర్ ఫీజు కట్టాలని అక్కడ చట్టం ఉంది. మామూలు కుటుంబాలు ఇలాంటి కేసులు వేయగలుగుతున్నాయంటే దానికి ఈ నిబంధన ఓ ముఖ్య కారణం.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

గాలి కొంత మారింది. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌కు చెందిన ఫుట్‌బాల్ కోచ్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో కోచ్ పక్షాన తీర్పిచ్చింది. ఆట ముగిశాక మైదానం మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఆయన చేసుకున్నది వ్యక్తిగత ప్రార్థన అని చెప్పింది. శాంటా ఫే తీర్పును కొట్టేయలేదు. కానీ కోచ్ ప్రార్థిస్తుంటే, రేపు ఎవరిని ఆడించాలో నిర్ణయించేది ఆయనే అని తెలిసిన పిల్లాడు దూరంగా నిలబడగలడా అన్న ప్రశ్నకు అసమ్మతి తీర్పులో దొరికినంత జవాబు ప్రధాన తీర్పులో దొరకదు.

2025లో టెక్సస్ రెండు చట్టాలు తెచ్చింది. ఒకటి, ప్రభుత్వ బడుల్లో ప్రతి క్లాస్‌రూమ్‌లో బైబిల్‌లోని పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలి. దీనిపై కేసు వేసిన కుటుంబాల్లో క్రైస్తవులు, యూదులు, ఏ మతమూ లేనివాళ్లతో పాటు హిందువులూ ఉన్నారు. ఆగస్టులో శాన్ ఆంటోనియో ఫెడరల్ జడ్జి కొన్ని డిస్ట్రిక్టుల వరకు దాన్ని తాత్కాలికంగా ఆపారు, రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. రెండోది, రోజూ ప్రార్థనకు, మతగ్రంథ పఠనానికి కొంత సమయం కేటాయించాలా వద్దా అని ప్రతి స్కూల్ బోర్డు ఓటు వేసి తేల్చాలి. పిల్లలు అందులో పాల్గొనాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి. అంటే మీరు ఏమీ చేయకపోతే మీ పిల్లలు అందులో లేనట్టే. వాళ్ల పుస్తకాల సంచిలో వచ్చే కాగితాలన్నిటి మీదా చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఈ ఒక్కటి మాత్రం చదివి పెట్టండి.

ప్రతిరోజూ ఉదయం అమెరికా జెండాకు, టెక్సస్ జెండాకు చేసే ప్రతిజ్ఞ నుంచి కూడా తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరితే మినహాయింపు ఇస్తారు. మతపరమైన పండుగకు సెలవు కావాలంటే టెక్సస్ చట్టం ప్రకారం బడి ఆ గైర్హాజరీని మన్నించాలి. దీపావళికి ఒక ఉత్తరం రాస్తే చాలు. బడిలో బైబిల్ క్లబ్ ఉంటే, 1984 నాటి ఫెడరల్ చట్టం కింద హైస్కూల్ పిల్లలు అదే షరతులతో హిందూ క్లబ్, ముస్లిం క్లబ్, నాస్తిక క్లబ్ పెట్టుకోవచ్చు. పరీక్షకు ముందు మీ అబ్బాయి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటే ఏ టీచరూ అడ్డు చెప్పడానికి లేదు.

మన దగ్గర బడిలో నియమం ఏంటి?

రాజ్యాంగం 28వ అధికరణ చూడండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ఏదైనా ట్రస్టు మతబోధ కోసమే స్థాపించి, ప్రభుత్వం నిర్వహిస్తున్న సంస్థలకు మాత్రం మినహాయింపు. ఇక ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న బడిలో, అది మిషనరీ స్కూలైనా, మరో మతసంస్థ నడిపేదైనా, ప్రార్థనలోనో మతబోధలోనో పాల్గొనాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. మైనర్ అయితే తల్లిదండ్రులు లేదా సంరక్షకుల అంగీకారం ఉండాలి. అడ్మిషన్ ఫారంతో పాటు సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఆ అంగీకారం కూడా ఉందేమో చూసుకోవాలి. మతాల గురించి పాఠంగా చెప్పడం వేరు, అది మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం ప్రార్థనపై వచ్చిన పిటిషన్‌ను 2019 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనం చూడాలని ఇద్దరు జడ్జీల బెంచ్ అభిప్రాయపడింది.

శాంటా ఫేకు దగ్గరగా వచ్చే మన కేసు ఒకటుంది. 1985 జులైలో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపించేశారు. వాళ్లు యెహోవా సాక్షుల కుటుంబం పిల్లలు. జాతీయగీతం వచ్చేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు, తమ నమ్మకం ఒప్పుకోదని. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. నిలబడితే గౌరవించినట్టే, పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదన్నది తీర్పు సారం. అందులో అమెరికా కేసుల ప్రస్తావన కూడా ఉంది. 1940లో జెండా వందనం చేయని ఇదే మతం పిల్లలకు వ్యతిరేకంగా అమెరికా సుప్రీంకోర్టు తీర్పిస్తే, చాలా ఊళ్లలో వాళ్ల మీద మూకదాడులు జరిగాయి. మూడేళ్లకే, 1943లో, కోర్టు తన తీర్పును తానే మార్చుకుంది.

కేరళ పిల్లల తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ పిల్లల పేర్లు తీర్పు మీదే ఉన్నాయి. శాంటా ఫే కుటుంబాలు మాత్రం ఇప్పటికీ రికార్డుల్లో 'డో'లే.